పండ్ల మీద బతికిన వేసవి

మాస్టరుకి డాక్టర్ల మీద నమ్మకం తక్కువ, పేపర్లో రాసేవాటి మీద అసలే లేదు. ఆయన నమ్మేది మెళ్ళో వేలాడే కొలత టేపునొక్కదాన్నే. ముప్పయ్యేళ్ళుగా వీధిలోవాళ్ళ నడుములూ భుజాలూ దానితో కొలిచి కొలిచి, ఎవరు బాగుపడుతున్నారో ఎవరు చిక్కిపోతున్నారో వాళ్ళకంటే ముందు తనకే తెలుస్తుందని ఆయన ధీమా. "మనిషి అబద్ధమాడతాడు గానీ టేపు ఆడదు" అని కొలతలిచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. విన్న ప్రతివాడూ కడుపు లోపలికి పీల్చుకుని మరీ కొలిపించుకునేవాడు, అది వేరే సంగతి.

అలాంటి మనిషి పళ్ళ మీద బతకడం మొదలుపెట్టాడంటే అందుకు కారణం కూడా ఆ టేపే. రిటైరైన బస్సు కండక్టరొకాయన ఈ టైలరింగు కొట్టుకి పాత గిరాకీ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన ఎక్కాక బస్సులో ఇంకెవరైనా ఎక్కాలంటే ఆయన పొట్టని అడిగి ఎక్కాల్సి వచ్చేది. ఆ పెద్దమనిషి చలికాలం చివర్లో ఒకరోజు సంచీడు ప్యాంట్లు తెచ్చి బల్ల మీద కుమ్మరించి, "అన్నీ లూజైపోయాయి మాస్టరూ, నడుం దగ్గర పట్టాలి" అన్నాడు. మాస్టరు టేపు చుట్టాడు. నమ్మకం కలగక విప్పి మళ్ళీ చుట్టాడు.

"ఏం తింటున్నారేమిటండీ?"

"పళ్ళు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పళ్ళే. పొద్దుగూకాక మా పెరట్లో కాసిన కూరలు ఇంత ఉడకేసుకుంటా. నూనె మూకుడు పొయ్యెక్కి ఎన్నాళ్ళయిందో! దాంట్లో ఇప్పుడు పుదీన పెంచుతున్నా."

"నీరసం రాదూ?"

"వచ్చేదా? మొన్న బస్సు వెనకాల పరిగెత్తి ఎక్కా. మా పాత డ్రైవరు దిగొచ్చి మరీ చూశాడు."

ఈ మాటలన్నీ కిటికీ పక్కన పొట్టి స్టూలు మీద కూర్చుని మాస్టరు భార్య వింటూనే ఉంది. చొక్కాలకి బొత్తాం దూరే కన్నాలు, అంటే కాజాలు, చేత్తో కుట్టడంలో ఆవిడ చేతికి పెద్ద పేరు. అందుకే వీధంతా ఆవిణ్ణి కాజాలమ్మ అంటుంది. కొలతలు తీయడం, కత్తిరించడం, మిషను మీద కుట్టడం మాస్టరు వంతు. కాజాలు, బొత్తాలు, అంచులు మడవడం, ఇస్త్రీ ఈవిడ వంతు. ఈ హద్దు గీసిందెవరో ఇద్దరికీ గుర్తులేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆవిడ కత్తెర పట్టుకోబోతే "చెయ్యి తెగుతుంది, ఇలా ఇవ్వు" అన్నాడాయన. ఆ తర్వాత ఆవిడ అడగలేదు, ఆయన ఇవ్వలేదు. కొట్టు మూలన పాత మిషనొకటి ఉంది. దిండు గలీబులు, కర్టెన్లలాంటి చిల్లర పని వచ్చినప్పుడు దాని మీద ఆవిడ కుడుతుంది.

ఆ సాయంత్రం కొట్టు కట్టేస్తూ మాస్టరు ప్రకటించాడు. "రేపట్నుంచి మనమూ పళ్ళే."

కాజాలమ్మ ఉలిక్కిపడింది. ఆయనకి సుగరుందని కిందటేడు తేలింది. అప్పట్నుంచీ పొద్దునా సాయంత్రమూ మాత్రలు మింగుతున్నాడు. "సుగరున్న మనిషికి పళ్ళేమిటండీ?"

"బజారు పళ్ళు వేరు, మన మేడ మీద కాసినవి వేరు. మందు కొట్టం, రంగు పూయం. అందులో ఉండేది తీపే గానీ సుగరు కాదు."

"పోనీ మాత్రలు వేసుకుంటూ తినండి."

"అక్కడే ఉంది కిటుకు" అని ఆయన కత్తెర తీసి గాల్లో ఆడించాడు. "చొక్కా ఎక్కడో పట్టేస్తోందనుకో. చంకలోనూ మెడ దగ్గరా ఒకేసారి కత్తెరేస్తే, కుదిరింది దేనివల్లో ఎలా తెలుస్తుంది? ఒకసారి ఒకటే మార్చాలి. మాత్రలూ పళ్ళూ కలిపి మింగితే రేపు ఘనత ఎవరికివ్వను? మాత్రలు ఆపి చూద్దాం."

ఇంకెవరైనా అయితే ఆ మాటకి నవ్వి, డాక్టరు దగ్గరకి లాక్కెళ్ళేవాళ్ళు. కాజాలమ్మకి మాత్రం అది నూటికి నూరుపాళ్ళు సబబుగా తోచింది. జీవితమంతా ఆవిడ విన్నది అదే లెక్క. పాడైన కోట్లు ఆ లెక్కతోనే బాగుపడటం కళ్ళారా చూసింది. ఒళ్ళు కూడా కోటులాంటిదే కాబోలనుకుని సరేనంది.

మేడ మీద తోట నిజానికి ఆవిడది. పాత రంగు డబ్బాలు, పగిలిన బకెట్లు, నీళ్ళ డ్రమ్ములో సగం, ఇలా చేతికందిన ప్రతిదాంట్లోనూ మట్టి పోసి ఏదో ఒకటి పెంచుతూనే ఉంటుంది. రెండు జామలు, డ్రమ్ములో బొప్పాయి, గోడవార అంజూర, పందిరెక్కిన ద్రాక్ష, కింద టమాటా, బీర, దోస, ఆకుకూరలు. ఇన్నేళ్ళలో మాస్టరు ఆ మెట్లెక్కింది నీళ్ళ ట్యాంకు పొర్లినప్పుడే. ఇప్పుడు తెల్లారగానే ఆవిడకంటే ముందు తయారై "రావే" అని పిలవడం మొదలుపెట్టాడు.

పైకెళ్ళాక ఆయన వాలకం చూడాలి. టేపు తీసి బొప్పాయి నడుం కొలిచేవాడు. "ఈ పిల్ల ఒళ్ళు చేసింది" అనేవాడు. జామకాయల్ని ఒక్కొక్కదాన్నీ తడిమి, "ఇది రేపటికి, ఇది ఎల్లుండికి" అని డెలివరీ తేదీలు వేసేవాడు. ద్రాక్ష తీగ ఎటు పాకాలో సుద్దతో గోడ మీద గీత గీస్తే, అది గీతని లెక్కచేయకుండా ఇంకో దిక్కు పాకింది. దాని మీద రెండు రోజులు అలిగాడు. కాజాలమ్మ పడీపడీ నవ్వింది. ఈ మనిషితో కాపురం మొదలుపెట్టి ఇన్నేళ్ళయినా పని గురించి కాకుండా ఆయన తనతో ఇంతసేపు మాట్లాడటం ఆవిడకి గుర్తులేదు. కోసిన పళ్ళు కొంగులో పోసుకుని ఇద్దరూ ట్యాంకు నీడన కూర్చుని తినేవాళ్ళు. ఆవిడకి ఆ పొద్దులంటే ప్రాణం.

పళ్ళు ఆవిడకి మేలే చేశాయి, కాదంటే పాపం. పగబట్టినట్టుండే మోకాళ్ళు నెమ్మదించాయి. గ్యాసు తగ్గింది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డా నడుం లాగడం లేదు. ఇక మాస్టరు సంగతి చెప్పనక్కర్లేదు. వారం తిరిగేసరికి ప్యాంటు జారడం మొదలైంది. ఆయన తన ప్యాంట్లే విప్పి, నడుం దగ్గర పట్టి, మళ్ళీ కుట్టుకునేవాడు. ఇంకో వారానికి అవీ లూజు. వీధిలోవాళ్ళు నోరెళ్ళబెట్టారు. చొక్కా కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు పళ్ళ మీద ఉపన్యాసం విని, కొలతలివ్వడం మర్చిపోయి వెళ్ళేవాళ్ళు. కండక్టరు అప్పుడప్పుడూ వచ్చి శిష్యుణ్ణి చూసి మురిసిపోయేవాడు.

"దాహం మాత్రం ఆగట్లేదు గురువుగారూ. చెంబులు చెంబులు తాగుతున్నా, తాగినంతా వెంటనే పోతోంది" అన్నాడొకసారి మాస్టరు.

"పోనివ్వండి. ఇన్నాళ్ళ మురికి కడుక్కుపోవద్దూ?" అన్నాడు కండక్టరు, తనకేదో తెలిసినట్టు.

ఎండలు బాగా ముదిరాక ఒక మధ్యాహ్నం, బ్యాంకు గుమాస్తా ప్యాంటు అంచు మడుస్తూ కాజాలమ్మ చెయ్యి ఆగిపోయింది. తొడ లోపలి కుట్టు తిన్నగా వచ్చి వచ్చి ఒకచోట పక్కకి జరిగి, మళ్ళీ దారిలో పడింది. మాస్టరు కుట్టు అలా జరగడం ఆవిడెప్పుడూ చూడలేదు. ఆకలికి చెయ్యి వణికి ఉంటుందనుకుంది. ఆయన మొక్కలకి నీళ్ళు పోయడానికి పైకెళ్ళి ఉన్నాడు. గబగబా ఆ కుట్టు విప్పి, పాత మిషను మీద మళ్ళీ వేసి, ఇస్త్రీ చేసి తగిలించేసింది. ఆయనకి చెప్పలేదు. ఇంత చిన్నదానికి మొహం చిన్నబుచ్చుకునేలా చెయ్యడం ఎందుకని.

తర్వాతి వారం ఇంకోటి. ఆ తర్వాత రోజుకొకటి. జేబులు ఒకటి పైకి, ఒకటి కిందికి. కాలరు మొనలు ఒకదానికొకటి పొసగని దాయాదుల్లా చెరో వైపు. రానురాను ఆవిడకి అదొక దినచర్య అయిపోయింది. మధ్యాహ్నం ఆయన పైకెళ్ళగానే ఆయన కుట్టినవన్నీ తీసి తిరగేసి చూడటం, విప్పడం, మళ్ళీ కుట్టడం, ఆయన దిగే చెప్పుల చప్పుడు వినగానే స్టూలు మీదకొచ్చి ఏమీ ఎరగనట్టు కాజా పట్టుకోవడం. గిరాకీలెవరూ పెదవి విప్పలేదు. పైగా "ఈమధ్య మీ కుట్టు ఇంకా బాగుంటోంది మాస్టరూ" అన్నాడు గుమాస్తా. "అంతా పళ్ళ మహిమ" అన్నాడాయన. కాజాలమ్మ తల వంచుకుని దారం కొరికింది.

సంగతేమిటో ఆవిడకి తెలియక కాదు. సూదిలో దారం ఎక్కించమని ఆయన రోజుకి పదిసార్లు ఇస్తున్నాడు. "ఈ కంపెనీవాడు దారం లావు చేసేశాడు" అంటున్నాడు. బల్బు మార్చాడు, కిటికీ అద్దం తుడిచాడు, టేపు మీద అంకె చూడాలంటే గుమ్మం దాకా వెళ్తున్నాడు. మసక మొదలైందని చూస్తేనే తెలుస్తోంది. అయినా ఆవిడ నోరు మెదపలేదు. ఆయనకి ముక్కు మీద కోపమని తనకి తను చెప్పుకుంది. అది నిజమే గానీ అసలు కారణం అది కాదు. చెబితే ఈ పళ్ళ ప్రయోగం ఆగిపోతుంది. ప్రయోగం ఆగితే తెల్లారగానే "రావే" అనే పిలుపూ ఆగిపోతుంది. ముసలితనం మొదలయ్యే వేళకి దొరికిన ఆ కాస్త సంతోషాన్ని వదులుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

అంతలో వీధి చివరి ఫొటో స్టూడియోలో పనిచేసే అమ్మాయి ఒక కోటు పట్టుకొచ్చింది. మోకాళ్ళ దాకా వచ్చే నల్లటి ఉన్ని కోటు, మగవాళ్ళది, భుజాల దగ్గర కాస్త వెలిసింది.

"నాన్నది బాబాయ్. ఆయన పోయాక బట్టలన్నీ ఇచ్చేశాం. ఇదొక్కటే నేను దాచుకున్నా. చలికాలానికి నేను వేసుకునేలా చిన్నది చేసిపెడతారా?"

"దానికేం, కొత్తదానిలా చేసిస్తా" అన్నాడు మాస్టరు. కోటు మీద చెయ్యేసి నిమిరాడు. "ఇలాంటి బట్ట ఇప్పుడు రమ్మన్నా రాదు."

కాజాలమ్మ కుట్టడం ఆపి కోటు వైపు చూసింది. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ వేస్తుంది. కత్తెర తప్పితే తను మాత్రం ఏం చేస్తుంది? అదీ ఇంకోటి కొనలేని బట్ట. అమ్మాయి వెళ్ళాక, "ఇది మనకొద్దులెండి, పాత బట్ట, ఎక్కడో చిరిగితే మాటొస్తుంది" అని నసిగింది. ఆయన చూసిన చూపుకి మాట మింగేసింది. మర్నాడు కత్తెరలు మొద్దుబారాయని సానపట్టేవాడికి ఇచ్చేసి వచ్చింది. వాడు ఎప్పుడూ వారం తిప్పేవాడు, ఈసారి తన ఖర్మకొద్దీ సాయంత్రానికే తెచ్చిచ్చాడు. ఆ పూటకి బొత్తాల రంగు కుదర్లేదంది. ఇంకో పూటకి లైనింగు నానబెట్టాలంది. చెప్పాల్సిన మాట ఒక్కటి తప్ప అన్నీ చెప్పింది.

బజారుకెళ్ళి లైనింగు గుడ్డ పట్టుకుని తిరిగొచ్చేసరికి బల్ల మీద కోటు ముక్కలై ఉంది. మాస్టరు పైన మొక్కల దగ్గర ఈల వేస్తున్నాడు. ఆవిడ సంచీ కింద పెట్టకుండానే చేతుల ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి పరిచి చూసింది. మణికట్టు దగ్గర ఆయన రెండు గీతలు గీశాడు. పై గీత మడత పడే చోటు, దానికి నాలుగు వేళ్ళ కింది గీత కత్తిరించే చోటు. ఒక చేతిని కింది గీత మీద కత్తిరించాడు. రెండోదాన్ని పై గీతకి కూడా నాలుగు వేళ్ళ పైన కత్తిరించేశాడు. మడవడానికి గుడ్డ లేదు సరికదా, ఉండాల్సిన పొడుగే లేదు.

ఆవిడ ముక్కలు రెండూ ఉన్నచోటే పెట్టేసింది. ఆయన దిగొచ్చి, హుషారుగా ముక్కలన్నీ ట్రయలు కోసం కచ్చా కుట్టుతో కలిపేశాడు. ఆ కాసేపట్లో ఆవిడ మూడుసార్లు నోరు తెరిచి మూసుకుంది. నాలుగోసారి తెరిచేలోపు స్టూడియో అమ్మాయి పని ముగించుకుని ట్రయలు చూసుకోవడానికి రానే వచ్చింది.

కోటు వేసుకుని ఆ అమ్మాయి అద్దం ముందు నిలబడింది. భుజాలు కుదిరాయి, వెనక కుదిరింది. మొహం విప్పారింది. తర్వాత చేతులు చూసుకుంది. కుడి చెయ్యి చక్కగా కప్పుకుని ఉంది. ఎడమ మణికట్టు గడియారంతో సహా బయట ఉంది. ఆ గుడ్డ అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని కిందికి లాగి చూసింది, సాగుతుందేమో అన్నట్టు.

"నా పొరపాటమ్మా" అంది కాజాలమ్మ. "నేనే కత్తిరించా."

"నువ్వా?" అన్నాడు మాస్టరు ఒంటికాలి మీద లేచి. "నువ్వు కత్తెరెప్పుడు పట్టావు? అసలు పొరపాటెక్కడుంది? బ్రహ్మాండంగా కుదిరితేనూ!"

అమ్మాయి పొట్టి చేతిని ఇంకోసారి కిందికి లాగింది.

"ఏదీ? ఎక్కడ?" ఆయన అద్దంలోకి వంగి చూశాడు. అమ్మాయి వైపు తిరిగి చూశాడు. ఆ పిల్ల రెండు చేతులూ చాపి ఆయన ముందు పెట్టింది. పట్టపగల్లాంటి దీపం కింద, నల్ల కోటులోంచి తెల్లగా బయటికొచ్చిన మణికట్టు ఆయన ముక్కుకి జానెడు దూరంలో ఉంది. ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. "ఎక్కడ చెప్పండర్రా" అని మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

ఇద్దరాడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆయనే రెండు చేతులూ అమ్మాయి భుజాల మీద వేసి, చేతుల వెంట కిందికి నిమురుకుంటూ వచ్చాడు. ఒక చెయ్యి గుడ్డ మీదే ఆగింది. రెండో చెయ్యి ఆ పిల్ల చల్లటి మణికట్టుని తాకింది. మెళ్ళోంచి టేపు తీసి పొట్టి చేతి మీద పరిచి, వేలితో నొక్కిపట్టి, కంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. తర్వాత ఆ టేపుని అలాగే భార్య వైపు చాపాడు.

"చదువు" అన్నాడు.

ఆవిడ చదివింది.

ఆ పిల్ల కోటు విప్పి బల్ల మీద పెట్టింది. "ఏమైనా చెయ్యొచ్చా పిన్నీ?" అని కాజాలమ్మనడిగింది. కళ్ళు తుడుచుకుంది గానీ ఒక్క పుల్లవిరుపు మాటైనా అనలేదు. అంటేనే బాగుండేది.

"చేస్తానమ్మా. కొంచెం టైమివ్వు" అంది కాజాలమ్మ.

పిల్ల వెళ్ళాక మాస్టరు కొట్టు తలుపు దగ్గరగా వేశాడు. "ఎప్పట్నుంచి?"

"ఎండలు ముదిరినప్పట్నుంచి."

"మరి నేను కుట్టిన ప్యాంట్లూ అవీ? ఒక్కడూ తిరిగి రాలేదే?"

"విప్పి నేను కుట్టాను. మీరు మేడ మీదున్నప్పుడు."

ఆయన గోడకి తగిలించిన బట్టల దగ్గరకెళ్ళి ఒక్కో కుట్టునీ బొటనవేలి గోరుతో తడిమి చూశాడు. "ఇదీ నీదేనా?" "ఆఁ." "ఇది?" "అదీ నాదే." వరస చివరిదాకా వెళ్ళి వచ్చాడు. ఏది తనదో ఏది ఆవిడదో ఆయన గోరుకి అందలేదు. ఇంత కుట్టు చేతిలో పెట్టుకున్న మనిషిని ఇన్నేళ్ళు కాజాల దగ్గర కూర్చోబెట్టానన్న సంగతి ఆయనకి అప్పుడు తగిలిందో లేదో గానీ, పైకి అన్నది వేరే.

"నా కళ్ళు పోతూంటే నువ్వు కుట్లు విప్పుతూ కూర్చున్నావన్నమాట."

ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసింది. "పొద్దున్నే నాతో పైకొస్తున్నారు కదా. చెప్తే మానేస్తారని భయమేసింది." ఆ రోజుకి వాళ్ళ మధ్య అదే ఆఖరి మాట.

మర్నాడు ఇద్దరూ ఆస్పత్రికెళ్తే డాక్టరమ్మ మాస్టరు వేలి నుంచి చుక్క నెత్తురు తీసి, మీటరు మీద అంకె చూసి, మీటరు తప్పేమోనని ఇంకోదాంతో చూసింది. రెండోది మొదటిదాన్నే బలపరిచింది.

"మాత్రలు ఎందుకు మానేశారు?" అని నిలదీసింది.

మాస్టరు చంకా మెడా కత్తెరా అంటూ తన లెక్క చెప్పబోయి, ఆవిడ మొహం చూసి సగంలో ఆపేశాడు. "పళ్ళన్నీ ఇంట్లో కాసినవేనండీ. ఒక్క చుక్క మందు కొట్టలేదు."

"కొట్టకపోవడం మంచిదే. కానీ అందులో సుగరు మాత్రం ఉంటుంది. మీ మేడ మీద కాసినా ఉంటుంది."

"మరి నడుం తగ్గింది కదా? రోజూ కొలుచుకుంటున్నా."

"తగ్గింది. తిన్నది ఒంటికి అందక, ఒళ్ళు తన కండని తనే కరిగించుకుంటోంది. దాహమూ అందుకే, చిక్కిపోవడమూ అందుకే." ఆవిడ మాత్రలు రాసింది, ఇంజక్షనూ రాసింది. "సుగరు దిగితే ఈ మసక చాలావరకు పోవచ్చు. కొన్ని వారాలు పడుతుంది. కంటి లోపలేమైనా దెబ్బతిందేమో కంటి డాక్టరుకి చూపించుకోండి. అంతా వెనక్కొస్తుందని మాత్రం ఇప్పుడే మాటివ్వలేను."

"నాకు మోకాళ్ళు తగ్గాయండీ పళ్ళతో" అంది కాజాలమ్మ దొంగలా.

"మీకు సుగరు లేదుగా. మితంగా తినండి, మీకు మంచిదే."

బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, "ఒకళ్ళ కొలతకి ఇద్దరికీ కుట్టేశాను" అన్నాడు మాస్టరు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. సంగతి తెలిసి కండక్టరు పరిగెత్తుకొచ్చాడు. ఆయనకీ సుగరు లేదు. ఉన్నవాళ్ళకి ఏమవుతుందన్నది ఎప్పుడూ ఆలోచించలేదు. "నాకు పనిచేసింది కదాని..." అంటూ గుమ్మంలోనే నిలబడి, సంచీడు సొరకాయలు దించి, మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయాడు.

తర్వాతి రోజులు కష్టంగానే గడిచాయి. మాస్టరు వేళకి ఇంజక్షను పొడిపించుకునేవాడు, ఉడకేసిన బీరకాయ మొహం ముడుచుకుని తినేవాడు, ఆవిణ్ణి పేరుకి పలకరించేవాడు. మేడ మాత్రం ఎక్కలేదు. కొత్త పని ఒప్పుకోవద్దన్నాడు. తెల్లారి ఆవిడ ఒక్కతే డబ్బా పట్టుకుని పైకెళ్ళి, నీళ్ళు పోసి, రెండు జామకాయలు కోసి, కింద కూర్చుని తినబుద్ధి కాక పక్కింటి పిల్లలకిచ్చేసేది. కోటు బల్ల మీద అలాగే ఉంది. ఆవిడ దాని చుట్టూ తిరిగి తిరిగి, ఒక మధ్యాహ్నం మాస్టరు మిషను ముందు కూర్చుంది. ఆయన అడ్డం చెప్పలేదు. వచ్చి ఆవిడ పొట్టి స్టూలు మీద కూర్చున్నాడు, మోకాళ్ళు గడ్డానికి తగులుతూ.

"ఏం చేద్దామని?" అన్నాడు.

"కింద అంచు తీసేసి, ఆ గుడ్డతో రెండు చేతులకీ వెడల్పాటి పట్టీలు వేస్తా. కోటు కాస్త పొట్టిదవుతుంది. ఆ పిల్ల పొడుగు కాదు, నప్పుతుంది. పిల్లనడిగా, సరేనంది."

"ఉన్ని గుడ్డ. ఎటు నిమిరితే మెత్తగా ఉందో చూసుకుని ఆ వైపే పెట్టు. లేకపోతే పట్టీ వేరే రంగులా కొడుతుంది."

ఆవిడకి ఆ సంగతి తెలుసు. అయినా "అలాగే" అంది.

ఆవిడ కత్తెర అందుకుని కింద అంచు కత్తిరించడం మొదలుపెట్టింది. ఆయన తల పక్కకి వంచి, కత్తెర గుడ్డలో నడిచే చప్పుడు వింటూ కూర్చున్నాడు. మొదటి పట్టీ కుట్టి, తిరగేసి, ఆయన చేతిలో పెట్టింది. ఆయన గోరుతో కుట్టు మీద మెల్లగా నడిచాడు. మూల దగ్గర ఆగాడు. వెనక్కొచ్చి మళ్ళీ నడిచాడు.

"ఇక్కడ లాగేసింది."

ఆవిడ కిటికీ వెలుగులో పెట్టి చూసింది. ఏమీ కనబడలేదు. ఇంకా దగ్గరగా చూస్తే నిజంగానే నాలుగు కుట్లు బిగిసి గుడ్డని లాగుతున్నాయి. "లోపలి వైపు కదండీ, ఎవరికీ కనబడదు."

"విప్పు."

"ఇంత చిన్నదానికా?"

"నా కుట్లు నాకు చెప్పకుండా విప్పావు. నీది నేను నీ మొహం మీదే చెప్పి విప్పిస్తున్నా. ఇకమీదట ఈ కొట్లో ఇదే పద్ధతి. మసగ్గా ఉంటే ఉందని నేనంటా. వంకర పోతే పోయిందని నువ్వనాలి. కోప్పడతా. కోప్పడినా అనాలి."

ఆవిడ సూదిమొనతో మొదటి కుట్టు పైకెత్తింది. రెండోది ఎత్తింది. మూడోది ఎక్కడుందో తెలియలేదు. గుడ్డ నల్లగా అలుక్కుపోయింది. రెప్పలు కొట్టుకుని చూసినా అంతే. ఇంకెప్పుడైనా అయితే దారం వెతుక్కుంటున్నట్టు మొహం పక్కకి తిప్పుకునేది.

"ఏమండీ, నాకు కనబడట్లేదు" అంది.

"ఏడుస్తున్నావా?"

"ఆఁ."

"అయ్యాక విప్పుదువుగానిలే, తొందరేముంది" అని ఆయన స్టూలుని మిషను దగ్గరగా జరుపుకుని కూర్చున్నాడు.